విశ్రాంతి యాత్రకు సిద్ధపాటు



ఇప్పుడు మన సంఘాలలో అనేక కుటుంబాల పిల్లలు దూర దేశాలలో పని చేస్తున్నారు. వారు తల్లిదండ్రులకు ఇల్లు కట్టి ఇవ్వడమే గాక, "ఒకసారి ఎక్కడికైనా వెళ్ళి రండి" అని టిక్కెట్లు కూడా పంపుతున్నారు. అటువంటి పిలుపు మా ఇంటికీ వచ్చింది. దానికి మేము ఎలా సిద్ధపడ్డామో, ఆ సిద్ధపాటులో దేవుడు మాకు ఏమి నేర్పాడో వ్రాస్తే మరికొన్ని కుటుంబాలకు మేలు కలుగుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా వివాహమై 25 సంవత్సరాలు నిండే సమయంలో, గల్ఫు దేశంలో నర్సుగా పని చేస్తున్న మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నగారూ, మీరూ అమ్మా సభలకూ పెళ్ళిళ్ళకూ తప్ప ఇంతవరకు ఎక్కడికీ వెళ్ళలేదు. జనవరిలో మారిషస్ ద్వీపం వెళ్ళి రండి. సముద్రపు ఒడ్డున పెద్ద హోటలు, తెరచాప పడవ మీద షికారు, ఐదు రాత్రులు. ఖర్చంతా నాది" అంది.

మాకు సంతోషం కలిగింది, భయమూ కలిగింది. ఆ హోటలు ఒక రాత్రి అద్దె ఎంతో చూస్తే, మన గ్రామాలలో తిరిగే ఒక సువార్తికుని నెల జీతం కంటే ఎక్కువ ఉంది. సేవకులకు ఇంతటి విలాసం తగునా అని ఆ రాత్రి ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకున్నాము. విశ్రాంతి పాపం కాదు. భోజనం చేయడానికైనా తీరిక లేని శిష్యులను ప్రభువే ఏకాంత ప్రదేశానికి రమ్మని పిలిచాడని మార్కు సువార్త 6వ అధ్యాయంలో చూస్తాము. వారు వెళ్ళింది కూడా పడవలోనే. కాబట్టి మనస్సాక్షిని సమాధానపరచుకొని, ఒక నోటు పుస్తకం తీసి ప్రయాణ వివరాలు వ్రాయడం మొదలుపెట్టాము.

మామ్మగారి ప్రశ్న

ఈ సంగతి తెలిసి శుక్రవారం కూడిక తరువాత మా సంఘంలోని ఒక మామ్మగారు మా ఇంటికి వచ్చారు. ఆమె పుట్టిన ఊరు కోరంగి దగ్గర. అరుగు మీద కూర్చుని, "అయ్యగారూ, మారిషస్ అంటే ఆ మోరీసు దీవేనా?" అని అడిగారు. అవునన్నాము.

"మా తాతగారి తాతకి ఒక తమ్ముడు ఉండేవాడంట. అప్పన్న పేరు. కోరంగి రేవులో ఓడెక్కి ఆ దీవికి చెరకు పనికి పోయాడంట. మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ చచ్చేదాకా పొద్దుగూకితే రేవు వైపు చూస్తూ కూర్చునేదని మా నాయనమ్మ చెప్పేది. మీరు పోయినప్పుడు ఆయన పేరు అక్కడెక్కడన్నా రాసి ఉందేమో చూసి రండయ్యా."

చూస్తామని మాట ఇచ్చి, నోటు పుస్తకంలో ఆ పేరు వ్రాసుకున్నాము. ఆమె వెళ్ళిన తరువాత మా ఇంటివారు చాలాసేపు పలకలేదు. చివరకు, "ఏమండీ, మన అమ్మాయి ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. దానికి సెలవు ఎప్పుడో మనం ఒక్కసారైనా అడిగామా?" అన్నారు.

ఆ మాట మమ్మును గ్రుచ్చింది. రాత్రి కుటుంబ ప్రార్థనలో నిర్గమకాండము 20వ అధ్యాయం తెరిచాము. విశ్రాంతి దినపు ఆజ్ఞను చిన్నప్పటి నుండి వల్లె వేస్తున్నాము, ఎన్నోసార్లు బోధించాము. ఆ ఆజ్ఞ ఇంటి యజమానితో ఆగదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువులు, ఇంట ఉన్న పరదేశి, అందరి విశ్రాంతినీ దేవుడు పేరు పేరునా లెక్కపెట్టాడు. అందులో కూతురు ఉంది. మన కూతురు పరాయి దేశంలో రాత్రి డ్యూటీలు చేసి సంపాదించినదానితో మనమిద్దరమే విశ్రమించడం ఆ ఆజ్ఞకు సరిపడుతుందా?

మరునాడు ఫోనులో, "నువ్వు కూడా వస్తేనే వెళ్తాము" అన్నాము. అమ్మాయికి కోపం వచ్చింది. "నాకు సెలవు మే నెలలో గాని రాదు. నేను కూడా వస్తే ఆ హోటలుకు డబ్బు చాలదు. మీరు సుఖపడాలని ఇస్తే మీరు లెక్కలు వేస్తున్నారు" అని ఫోను పెట్టేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు తానే చేసి, "సరే అమ్మా, పెద్ద హోటలులో రెండు రాత్రులే ఉందాం. మిగతా మూడు రాత్రులు చిన్న బసలో. నేనూ వస్తాను" అంది. ఆ విధంగా మా ప్రణాళిక మారింది.

ఎప్పుడు, ఎలా?

మారిషస్ హిందూ మహాసముద్రంలో మడగాస్కరుకు తూర్పున ఉన్న ద్వీపం. ఇంచుమించు మన కోనసీమ జిల్లా అంత విస్తీర్ణం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండడం వలన మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చల్లని కాలం మొదలవుతుంది. జనవరి మొదలు మార్చి వరకు తుపానుల భయం ఎక్కువ. జనవరి నుండి మే నెలకు మారడం వలన మాకు ఈ మేలు కూడా జరిగింది. మే నుండి అక్టోబరు వరకు వానలు తక్కువ. అయితే జూలై, ఆగస్టు నెలల్లో ఆగ్నేయ దిక్కు నుండి గాలి గట్టిగా వీస్తుంది. అప్పుడు తూర్పు తీరం కంటే పడమటి తీరం, ఉత్తర తీరం నెమ్మదిగా ఉంటాయి.

ముంబయి నుండి విమానంలో సుమారు ఆరు గంటలు. గడియారం మనకంటే గంటన్నర వెనుక. విహార యాత్రకు వెళ్ళే భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కర లేదు. దిగిన చోటనే రుసుము లేకుండా ఇస్తారు. తిరుగు టిక్కెట్టు, బస వివరం, ఖర్చుకు సరిపడే డబ్బు ఉన్నట్టు చూపాలి. విమానాశ్రయం ద్వీపానికి ఆగ్నేయ మూలన, మాహెబూర్ అనే పాత రేవు పట్టణానికి దగ్గరగా ఉంది. అందుచేత మొదటి బస అక్కడే పెట్టుకున్నాము.

ఇంకొక సంగతి. అక్కడి సముద్రపు ఇసుక తీరం ప్రజలందరిది. పెద్ద హోటళ్ళ ముందున్న తీరంలో కూడా ఎవరైనా నడవవచ్చు. కాబట్టి చిన్న బసలో ఉన్నంత మాత్రాన సముద్రం తక్కువైపోదు.

అమ్మాయి గల్ఫు నుండి నేరుగా వచ్చి విమానాశ్రయంలో మమ్మును కలిసింది. చిక్కిపోయింది. బసకు చేరి స్నానం చేసి పడుకున్న పిల్ల మరునాడు పది గంటల దాకా లేవలేదు. మేము లేపలేదు. ఆ యాత్రలో మేము చూసిన మొదటి విశ్రాంతి అదే.

ఓడల కథ

ఈ ద్వీపంలో మొదట మనుష్యులు లేరు. ఓడలే మనుష్యులను తెచ్చాయి. 1598లో డచ్చివారు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. ఎగరలేని డోడో పక్షి వారి కాలంలోనే నశించింది. 1715లో ఫ్రెంచివారు వచ్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లాబూర్దొనే పోర్ట్ లూయీ రేవును కట్టించాడు, ఓడలు బాగుచేసే చోటు ఏర్పాటు చేశాడు. అతడే 1746లో ఓడలతో మన కోరమాండల్ తీరానికి వచ్చి ఆంగ్లేయుల నుండి చెన్నపట్నం పట్టుకున్నాడు. మాహెబూర్ అన్నది అతని పేరే.

ద్వీపం చుట్టూ చాలా మేరకు పగడపు దిబ్బ ఉంది. దిబ్బకు లోపల నీరు చెరువులాగా నెమ్మదిగా, పచ్చగా ఉంటుంది. దిబ్బకు అవతల కెరటాలు విరిగిపడే తెల్లని గీత కనబడుతుంది. నేడు పర్యాటకులకు ఆనందమైన ఆ దిబ్బే ఆనాటి నావికులకు మృత్యువు. 1744లో ఫ్రాన్సు నుండి వచ్చిన సేంట్ జెరాన్ అనే ఓడ తీరం కనబడుతుండగానే దిబ్బకు తగిలి పగిలిపోయింది. కొద్దిమంది మాత్రమే బ్రతికారు.

మాహెబూరులో ఒక పాత ఫ్రెంచి భవనాన్ని మ్యూజియంగా ఉంచారు. 1810 ఆగస్టులో ఆ పట్టణం ముందున్న సముద్రంలో ఫ్రెంచి, ఆంగ్ల యుద్ధనౌకలు పోరాడాయి. ఆ యుద్ధంలో ఫ్రెంచివారు గెలిచారు గాని, ఆ సంవత్సరం డిసెంబరు నాటికి ద్వీపం ఆంగ్లేయుల వశమైంది. ఆ పోరులో గాయపడిన ఇరుపక్షాల నాయకులనూ ఆ ఒక్క ఇంటిలోనే ఉంచి వైద్యం చేశారు. అది చదివి మా అమ్మాయి, "మా వార్డులో కూడా అంతే నాన్నగారూ. మంచం మీద పడుకున్న తరువాత శత్రువు ఎవరు?" అంది. ఇన్నేళ్ళు ప్రసంగాలు చేశాము గాని, శత్రువులను ప్రేమించుడని ప్రభువు చెప్పినదానికి ఇంత చిన్న వివరణ మాకు తోచలేదు.

ఆ తీరంలో జాలరుల కొయ్య పడవలు ఇప్పటికీ ఉన్నాయి. పిరోగ్ అంటారు. పండుగ దినాలలో వాటికి తెరచాపలు కట్టి పందేలు వేస్తారు. పాత ఓడల నమూనాలను కొయ్యతో చేసి అమ్మే పనివారు కూడా ద్వీపంలో ఉన్నారు. త్రాళ్ళు, తెరచాపలు, లంగరు, అన్నీ కొలత ప్రకారం చిన్నవిగా చేస్తారు.

2020 జూలై 25న ఇదే తీరంలో వకాషియో అనే పెద్ద ఓడ దిబ్బ ఎక్కి, తరువాతి దినాలలో నూనె సముద్రంలోకి కారింది. అప్పుడు ఆ ద్వీపవాసులు ఎవరి పిలుపు కోసమూ ఎదురు చూడకుండా చెరకు ఆకును సంచులలో కుక్కి, నీటి మీద కట్టలుగా వేసి నూనెను అడ్డుకోవడానికి శ్రమించారు. సముద్రం తమది అనుకున్నవారే అలా చేయగలరు.

పదహారు మెట్లు

మూడవ దినం బస్సులో పోర్ట్ లూయీ వెళ్ళాము. రేవు ప్రక్కన ఆప్రవాసీ ఘాట్ అనే చోటు ఉంది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలను ఆ రేవులో దింపింది. 1835లో ద్వీపంలో బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి, ఆ తరువాత ఎనిమిది దశాబ్దాలలో దాదాపు 5 లక్షల మంది భారతీయులను ఒప్పందం మీద తెచ్చారు. బీహారు వైపు నుండి ఎక్కువమంది వచ్చారు. మన కోరంగి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి కూడా ఎందరో వచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం, మగవారికి నెలకు ఐదు రూపాయలు. అన్నిటికంటే మమ్మును కదిలించినది ఒక నిబంధన. ఒక రోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు.

అక్కడ రాతి మెట్లు పదహారు ఉన్నాయి. ఓడ దిగినవారు వాటిని ఎక్కి శిబిరంలోనికి వెళ్ళేవారు. నిజానికి పెద్దగా చూడవలసిన కట్టడమేమీ కాదు. అయినా 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. మేము ఆ మెట్ల దగ్గర నిలబడి ప్రకటన గ్రంథం 18వ అధ్యాయాన్ని జ్ఞాపకం చేసుకున్నాము. మహా బబులోను కూలినప్పుడు వర్తకులు తలచుకొని ఏడ్చే సరకుల జాబితా ఒకటి అందులో ఉంది. ఆ జాబితా బంగారంతో మొదలై మనుష్యుల ప్రాణాలతో ముగుస్తుంది. ఓడల గొప్పతనం గురించి చదివినప్పుడు మనం ఆ జాబితాను చివరి దాకా చదవాలి.

మామ్మగారి మాట ప్రకారం అప్పన్న పేరు కోసం విచారించాము. మోకా అనే ఊరిలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి కూలీల దస్తావేజులు భద్రపరచారు. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ పేరు వ్రాసి ఉంచారు. కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. అయితే మా దగ్గర ఉన్నది ఒక్క పేరు మాత్రమే. సంవత్సరం తెలియదు, ఓడ తెలియదు. అప్పన్నలు ఎందరో! పైగా వ్రాసుకున్న గుమాస్తాలకు మన పేర్లు పలకడం రాక, చెవికి ఎలా వినబడితే అలా వ్రాశారు. మన ఇంటిపేర్లు పోయి, తండ్రి పేరే తరువాతి తరాలకు ఇంటిపేరైన కుటుంబాలు ఎన్నో. మామ్మగారి అప్పన్న మాకు దొరకలేదు.

మరునాడు ఆదివారం. పోర్ట్ లూయీలోని సెయింట్ జేమ్స్ కథీడ్రల్‌లో ఆరాధనకు వెళ్ళాము. ఫ్రెంచివారు తుపాకి మందు దాచుకున్న గిడ్డంగినే తరువాత దేవాలయంగా మార్చారు. గోడలు చాలా మందం. యుద్ధానికి మందు దాచిన ఇంటిలో సమాధాన సువార్త చదవడం విన్నప్పుడు, ఖడ్గములు నాగటి నక్కులగునని చెప్పిన ప్రవక్త మాట గుర్తుకు వచ్చింది. భాష అంతా మాకు తెలియలేదు గాని, ప్రభువు బల్ల దగ్గర చాచిన చేతులకు భాష అక్కర లేదు.

సముద్రపు ఒడ్డున

చివరి రెండు రాత్రులు నైరుతి మూలన లె మోర్న్ కొండ దిగువన ఉన్న పెద్ద హోటలులో గడిపాము. విలాసం గురించి అబద్ధం చెప్పము. తెల్లని మంచం, వాకిట్లో సముద్రం, పళ్ళెం నిండా పండ్లు. మాకు చాలా ఆనందం కలిగింది. ఒక దినం రెండు దోనెలను జంటగా కట్టినట్టుండే తెరచాప పడవ ఎక్కాము. కాటమరాన్ అంటారు. ఆ మాట తమిళుల కట్టుమరం నుండి పుట్టిందట, మన జాలరుల తెప్ప వంటిదే. తెరచాప గాలి పట్టగానే ఇంజను ఆపేశారు. నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఇంటివారు అమ్మాయి తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు.

నీటిలోకి దిగేవారు పాదరక్షలు వేసుకోవడం మంచిది. రాళ్ళలో విషపు ముల్లు గల చేపలు ఉంటాయి. పగడాలను త్రొక్కకూడదు, విరవకూడదు. అవి ప్రాణం గలవి.

ఆ కొండ గుహలలో పారిపోయిన బానిసలు దాగి ఉండేవారు. 1835లో విడుదల వార్త చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికే వచ్చారనుకొని కొందరు కొండ మీద నుండి దూకి చనిపోయారని అక్కడివారు చెప్పుకుంటారు. విడుదల వార్త నమ్మదగినవాని నోట రాకపోతే ఎంత నష్టమో! సువార్త పరిచర్యలో ఉన్న మాకు అది ఒక హెచ్చరిక.

గది శుభ్రం చేయడానికి వచ్చిన ఒక అమ్మ మేము తెలుగు మాట్లాడుకోవడం విని ఆగింది. ఆమెది తెలుగువారి వంశమట. ఇంట్లో క్రియోలు మాట్లాడతారు. ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. అయినా ఆమెకు మిగిలిన తెలుగు మాటలు కొన్నే. అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు. మా ఇంటివారు ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. డ్యూటీలో కూర్చోకూడదని నవ్వి వెళ్ళిపోయింది. సాయంత్రం పని ముగించుకొని, బట్టలు మార్చుకొని తీరానికి వచ్చింది. తీరం అందరిదీ కదా! ముగ్గురు స్త్రీలూ ఇసుకలో కూర్చుని, సగం ఇంగ్లీషులో సగం సైగలతో పిల్లల గురించి మాట్లాడుకున్నారు. ఆమె కొడుకు కూడా ఓడలో పని చేస్తున్నాడట, ఇంటికి వచ్చి ఏడాది అయిందట.

ఒక దినం విశ్రమిస్తే రెండు దినాల కూలి పోగొట్టుకున్నవారి నేల మీద నేడు లోకమంతా వచ్చి విశ్రమిస్తోంది. ఆనాటి కూలీల పిల్లలు ఆ దేశాన్ని ఏలుకున్నారు. 1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మొదటి ప్రధానమంత్రి అయిన శివసాగర్ రామ్‌గులాం అలా వచ్చిన ఒక కూలీ కుమారుడే. దేవుడు శ్రమపడినవారిని మరువడు. మనమే మరచిపోతాము.

తిరిగి వచ్చిన తరువాత

విమానాశ్రయంలో అమ్మాయి ఒక విమానం వైపు, మేము మరొక విమానం వైపు వెళ్ళాము. ఆ ఎడబాటు ఎలా ఉంటుందో పిల్లలను పంపినవారికి చెప్పనక్కర లేదు.

ఇంటికి రాగానే మామ్మగారు వచ్చారు. పేరు దొరకలేదని చెప్పడానికి మాకు నోరు రాలేదు. పదహారు మెట్ల ఫోటో చేతిలో పెట్టాము. ఆమె కళ్ళజోడు పెట్టుకొని, వేలితో ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టారు. "ఇవి ఎక్కే ఉంటాడులే" అన్నారు. తరువాత మా ఇంటివారి వైపు తిరిగి, "అమ్మగారూ, మన పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగారు. డిసెంబరులో అని చెప్పాము. క్రిస్మసుకు రమ్మని తానే చెబుతానని, మా ఫోను అడిగి తీసుకున్నారు.

ప్రియులారా, మీ పిల్లలు మిమ్మును విహారానికి పంపుతామంటే వద్దనకండి. ఆ ప్రేమను త్రోసివేయకండి. కాలం చూసుకోండి, ఖర్చు చూసుకోండి. దానితోపాటు మీ నోటు పుస్తకంలో మరి రెండు ప్రశ్నలు వ్రాసుకోండి. మనం వెళ్ళే చోటు ఎవరి చెమటతో అంత అందమైనది? మనం విశ్రమిస్తుండగా మనకోసం ఎవరు విశ్రాంతి లేకుండా ఉన్నారు? ఈ వారం మీ బిడ్డకు ఫోను చేసినప్పుడు డబ్బు సంగతి తరువాత అడగండి. ముందు, "నీకు సెలవు ఎప్పుడమ్మా?" అని అడగండి.

ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు పిలిచిన ప్రభువు, దూరమందున్న మన పిల్లలకును మనకును తన విశ్రాంతిని దయచేయును గాక. ఆమేన్.